నెల్లూరు సీమలో రెండెకరాల నిమ్మతోట: వేసవి కాపు లక్ష్యంగా పెంచడం, అమ్మడం

నిమ్మతోట వేయదలచినవారు ఎకరానికి ఎన్ని బస్తాలు దిగుతాయని తప్పకుండా అడుగుతారు. ఆ బస్తాలు ఏ నెలలో దిగుతాయో అడిగేవారు తక్కువ. నిమ్మ ఏడాది పొడవునా ఎంతో కొంత పూస్తూ, కాస్తూ ఉంటుంది. దాని ఇష్టానికి వదిలేస్తే జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే ఎక్కువగా పూస్తుంది. పూత నుంచి కోతకు అయిదారు నెలలు పడుతుంది కనుక ఆ కాయ జూన్ నుంచి ఆగస్టు వరకు దిగుతుంది. అప్పటికి ఉత్తరాదిన వానలు పడి ఢిల్లీ గిరాకీ చల్లబడి ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పూసిన పూత మాత్రం మార్చి, ఏప్రిల్‌లో కోతకు వచ్చి ఎండలతో పాటు ధరను అందుకుంటుంది. 2022 ఏప్రిల్‌లో ఎండలూ రంజాన్ ఉపవాసాలూ కలిసి వచ్చి, దేశంలో కాయ కొరతగా ఉన్నప్పుడు, నగరాల్లో కిలో నిమ్మ చిల్లర ధర 200 రూపాయలు దాటింది. అదే కాయను ముసురు పట్టిన నవంబరులో మార్కెట్టుకు తెస్తే కోత కూలి కూడా గిట్టని రోజులు ఉంటాయి.

ఒక లెక్క వేసుకుందాం. ఇరవై అడుగుల ఎడంలో ఎకరానికి 108 చెట్ల చొప్పున రెండెకరాలకు 216 చెట్లు పడతాయి. కాపుకొచ్చిన చెట్టు ఏడాదికి 40 కిలోలు ఇచ్చిందనుకుంటే మొత్తం 8,640 కిలోలు. అంతా కిలో 10 రూపాయల ధరకు పోతే వచ్చేది 86,400 రూపాయలు. అందులో మూడో వంతును, అంటే 2,880 కిలోలను, వేసవిలో దించి 60 రూపాయలకు అమ్మగలిగితే ఆ మూడో వంతుకే 1,72,800 రూపాయలు వస్తాయి. ధరలు లెక్క కోసం తీసుకున్నవే అయినా ఈ తేడా ఊహ కాదు. కింద చెప్పబోయే పనులన్నీ ఆ మూడో వంతు చుట్టూ అల్లుకున్నవే.

నేలను, నీటిని మే నెలలో పరీక్షించండి

పొదలకూరు, సైదాపురం, రాపూరు, వెంకటగిరి, గూడూరు చుట్టుపక్కల ఎర్ర గరప నేలలు నిమ్మకు పేరుపడ్డవి. జిల్లాల సరిహద్దులు మారాయి గాని నేల మారలేదు కదా. సైదాపురం పక్క దుక్కిలో ఇప్పటికీ అభ్రకం తునకలు ఎండకు మెరుస్తూనే ఉంటాయి. సముద్రం వైపు చౌడు భూముల్లోనూ, నీరు దిగని నల్లరేగడిలోనూ నిమ్మ వేయడం మంచిది కాదు.

పొలంలో రెండు మూడు చోట్ల నాలుగడుగుల లోతు గొయ్యి తీయించండి. లోపల గట్టి పొర గాని, తెల్లటి సుద్ద గుళ్లు గాని కనిపిస్తే ఆ ముక్కను వదిలేయడమే మేలు. సుద్ద ఎక్కువైన నేలలో చెట్టుకు జింకు, ఇనుము అందక ఆకు ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలి తక్కిన భాగమంతా పాలిపోతుంది. తరువాత గొయ్యి నిండా నీళ్లు పోయించి మరునాడు చూడండి. నీళ్లు ఇంకా నిలిచి ఉంటే ఈశాన్య రుతుపవనాల వానల్లో ఆ నేలలోని వేళ్లకు ఊపిరి ఆడదు.

బోరు నీటి విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది ఉప్పు. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలియనివారు లేరు. నిమ్మకు సంబంధించి మీరు చూడవలసింది మాత్రం లవణాల శాతం. నీటి పరీక్షలో ఉప్పు ఎంత ఉందో చెప్పే విద్యుత్ వాహకత (ఈసీ) మీటరుకు 1 డెసీసైమన్ దాటితే నిమ్మ గురించి మరొకసారి ఆలోచించండి, ఎందుకంటే పండ్ల చెట్లలో ఉప్పును తట్టుకోలేని జాతుల్లో ఇదొకటి. రెండవది బోరు సత్తా. సంక్రాంతి నాటికి ప్రతి బోరూ బాగానే పోస్తుంది. మీకు డబ్బు తెచ్చే కాయ ఊరేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కనుక, మే నెలలో ఎన్ని గంటలు ఆగకుండా పోస్తుందో చూసి ఆ నీటికి తగినన్ని చెట్లే నాటండి. రెండెకరాల నీటితో మూడెకరాలు పెట్టుకున్న తోటల్లో ఏప్రిల్‌లో కాయ గోలీ సైజులోనే ఆగిపోవడం నేను చూశాను.

మొక్క

రకం విషయంలో పెద్దగా తికమక పడవలసిన పని లేదు. బాలాజీ రకం గజ్జి తెగులును కొంత తట్టుకుంటుంది, కాపూ బాగా వస్తుంది. నిమ్మ గింజ ఒక్కదాని నుంచే రెండు మూడు మొలకలు రావచ్చు. వాటిలో బలంగా ఎదిగేవి చాలావరకు తల్లి చెట్టు పోలికతోనే ఉంటాయి. అందుకే గింజ మొక్కలనూ నాటుకుంటారు. అంటు మొక్క కొంచెం ముందుగా కాపుకు వస్తుంది.

రకం కంటే వేరు ముఖ్యమన్న సంగతి నేను నష్టపోయి తెలుసుకున్నాను. తోట మొదలుపెట్టిన ఏడాది ఒక నర్సరీ వాళ్లు వ్యాను మీద ఊళ్లోకి తెచ్చి చవకగా ఇస్తుంటే, ఆకుల నిగనిగ చూసి అరవై మొక్కలు కొన్నాను. రెండేళ్లు బాగానే పెరిగాయి. మూడో ఏడు వేసవిలో ఒక్కొక్కటే పసుపు తిరిగి తల వాల్చసాగాయి. ఒకదాన్ని పెరికి చూస్తే తల్లివేరు సంచి అడుగున తాకి, అక్కడి నుంచి కొక్కెంలా పైకి తిరిగి, తన చుట్టూ తానే చుట్టుకుని ఉంది. ఎక్కువకాలం చిన్న సంచిలో ఉంచిన మొక్క అది. అప్పటి నుంచి వంద మొక్కలు కొనేముందు వాటిలో రెండింటికి డబ్బు చెల్లించి, అక్కడే సంచి చింపి, మట్టి కడిగి వేరు చూస్తున్నాను. మీరూ అలాగే చూడండి. ఉద్యాన నర్సరీల నియంత్రణకు మన రాష్ట్రంలో 2010 నాటి చట్టం ఉంది. లైసెన్సు ఉన్నచోటే కొని, రకం పేరు రాసిన రసీదు తప్పకుండా తీసుకోండి.

గుంతలు, నాటడం

ఏప్రిల్, మే నెలల్లో మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉండేలా గుంతలు తీసి ఎండకు వదిలేయండి. పైమట్టిలో 40 కిలోల చివికిన పశువుల ఎరువు, ఒక కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, చెదలు ఉన్న నేలయితే వేపపిండి కూడా కలిపి నింపండి. తొలకరి తరువాత ఎప్పుడైనా నాటవచ్చు. ముసురు వానలకు ముందే వేరు నిలదొక్కుకోవాలంటే జూలై, ఆగస్టు నెలలు అనువైనవి. అంటు కట్టు నేలకు జానెడు ఎత్తున ఉండాలి. కట్టుకు కింద వచ్చే చిగుళ్లను గోటితోనే గిల్లేయండి.

కాపు లేని మూడేళ్లు

తోట వ్యాపారంలో చాలామంది చేతులెత్తేసేది ఈ మూడేళ్లలోనే. నాలుగో ఏట కళ్లచూపు కాపు వస్తుంది, అయిదో ఏట నుంచి ఆదాయం అని చెప్పుకోదగినది మొదలవుతుంది. అంతవరకు డ్రిప్పు, కంచె, కూలీలు, మందుల ఖర్చును మీరు పక్కన పెట్టుకునే దిగాలి. చిన్న, సన్నకారు రైతులకు ఉపాధి హామీ పథకం కింద పండ్ల తోటలకు సాయం అందుతూ వచ్చింది. డ్రిప్పుకు రాయితీ కూడా ఉంది. వాటి శాతాలు అప్పుడప్పుడు మారుతుంటాయి కనుక మొక్క కొనకముందే రైతు సేవా కేంద్రంలో దరఖాస్తు పెట్టుకోండి, ఎందుకంటే పని మొదలయ్యాక పెట్టిన దరఖాస్తులకు చిక్కులు ఎక్కువ.

వరుసల మధ్య వేరుశనగ, పెసర, మినుము, పుచ్చ వేసుకుని చిల్లర ఖర్చులు రాబట్టుకోవచ్చు. మిరప, టమాటా, వంగ, పొగాకు మాత్రం వేయకండి. ప్రకాశం జిల్లా రైతుకు పొగాకు వద్దని చెప్పడం కష్టమే గాని, ఈ పైర్ల వెంట వచ్చే నులిపురుగులు, వేరుకుళ్లు నిమ్మ వేళ్లకు అంటుకుంటే తరువాత వదిలించుకోవడం ఇంకా కష్టం.

నీళ్లు పాదుల్లో పారించేవారు జంట పాదు పద్ధతి పాటించాలి. మొదలు చుట్టూ అడుగున్నర మేర మట్టి ఎగదోసి లోపలి గట్టు కట్టి, దాని వెలుపల రెండో గట్టు వేసి, ఆ రెండు గట్ల మధ్యనే నీళ్లు నిలపాలి. మొదలు తడిగా ఉంటే బంక తెగులు వస్తుంది. డ్రిప్పు ఉన్నవారు ఏటా ఒకసారి డ్రిప్పర్లను కొమ్మల అంచు కిందికి జరపాలి. అయిదేళ్ల చెట్టుకు మొదట్లోనే చుక్కలు పడుతున్న తోటలు ఎన్నో కనిపిస్తాయి.

ఎరువుల మోతాదు మట్టి పరీక్షను బట్టి నిర్ణయించుకోండి. జింకు, ఇనుము వంటి సూక్ష్మ పోషకాలకు మాత్రం సిద్ధంగా వాడుకోదగిన మిశ్రమం ఒకటి ఉంది: 100 లీటర్ల నీటికి జింకు సల్ఫేట్ 500 గ్రాములు, మాంగనీసు సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, ఫెర్రస్ సల్ఫేట్ ఒక్కొక్కటి 200 గ్రాములు, బోరాక్స్ 100 గ్రాములు, సున్నం 600 గ్రాములు, యూరియా ఒక కిలో. కొత్త చిగురు లేతగా విచ్చుకున్నప్పుడు దీన్ని పిచికారీ చేయాలి. ముదిరిన ఆకు మీద కొడితే మందు వృథా.

వేసవి కాపు తెప్పించడం

ఇప్పుడు అసలు పని. నిమ్మ చెట్టుకు నీళ్లు ఆపి కొంత బెట్టకు గురిచేసి, మళ్లీ తడి ఇస్తే పూతకు వస్తుంది. మహారాష్ట్రలో సెప్టెంబరు చివరికి వానలు తగ్గుముఖం పడతాయి గనుక బెట్ట పెట్టడం తేలిక. మనకు ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు మూడో వారం ప్రాంతంలో మొదలై డిసెంబరు వరకు ఉంటాయి. అల్పపీడనాలు అంతకు ముందే పలకరించవచ్చు. అందువల్ల నెల్లూరు రైతుకు బెట్ట పెట్టడానికి దొరికే వ్యవధి ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు చివరి వరకు మాత్రమే, అది కూడా వాన పడకపోతే. నీటిని ఒక్కదాన్నే నమ్ముకోకుండా మందుల సాయం తీసుకోవలసింది ఇందుకే.

పరిశోధన స్థానాలు సిఫారసు చేసే వరుస ఇది. జూన్‌లో జిబ్బరెల్లిక్ ఆమ్లం లీటరుకు 50 మిల్లీగ్రాములు పిచికారీ చేయాలి. ఇది వేళకాని పూతను అణచి చెట్టు బలాన్ని నిలుపుతుంది. పొడి నేరుగా నీటిలో కరగదు కనుక ముందు కొద్ది స్పిరిట్‌లో కరిగించి ఆ తరువాత నీటిలో కలపండి. సెప్టెంబరులో సైకోసెల్ 1000 పీపీఎం, అంటే 50 శాతం మందును లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కొట్టాలి. చిగురు వేసే ఆరాటం తగ్గి మొగ్గ కట్టడానికి చెట్టు సిద్ధమవుతుంది. అక్టోబరులో పొటాషియం నైట్రేట్ లీటరుకు 10 గ్రాములు కలిపి కొడితే పూత ఒక్కసారిగా విచ్చుకుంటుంది.

ఎన్నాళ్లు నీళ్లు ఆపాలన్నది మీ నేల చెబుతుంది, క్యాలెండరు కాదు. గరప నేలలో మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. అడుగున రాయి ఉన్న పలుచని నేలలో రెండు వారాలే ఎక్కువ. మధ్యాహ్నం ముడుచుకున్న ఆకు సాయంత్రానికి తిరిగి విచ్చుకుంటే బెట్ట సరిగ్గా సాగుతున్నట్టు. తెల్లవారుజామున చూసినా ముడుచుకునే ఉంటే ఆ రోజే తడి ఇవ్వండి. ఒక ఏడాది పొరుగు తోటలో నెల రోజులు ఆపారని నేనూ అంతే ఆపాను. ఆయనది లోతు నేల, నాది అడుగున్నర కింద రాయి. ఆకు సగం రాలిపోయి, ఆ ఏడు వేసవి కాయకు బదులు ఎండు కొమ్మలు కోసుకున్నాను. బెట్ట తరువాత మొదటి తడి పలుచగా, రెండోది కొంచెం ఎక్కువగా, మూడోది నిండుగా ఇవ్వాలి. ఒక్కసారే నిండుగా పెడితే పూతకు బదులు చిగురు దూసుకొస్తుంది.

పూత మీద ఉన్నప్పుడు పురుగుమందు కొట్టకండి, తేనెటీగలు చచ్చిపోతాయి. నవంబరు ముసురులో కొంత పూత, పిందె రాలడం తప్పదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినట్టు వస్తే ఆ ఏటి వేసవి కాపును మరచిపోయి మురుగు కాలువలు తీయించే పని చూడాలి. అందుకే తోట మొత్తాన్ని వేసవి కాపుకే మళ్లించకుండా, మొదటి ఏళ్లలో సగం చెట్లకే ఈ వరుస పాటించమని నా సలహా.

గజ్జి, బంక

కాయ మీద గోధుమ రంగు గరుకు మచ్చ ఉంటే ఢిల్లీకి వెళ్లే బస్తాలోకి అది ఎక్కదు. గజ్జి తెగులు బాక్టీరియా వల్ల వస్తుంది. వాన, గాలి, ముళ్ల గీతలు, మరీ ముఖ్యంగా లేత ఆకులో పాము పాకినట్టు తెల్లటి గీతలు పెట్టే ఆకు తొలుచు పురుగు దానికి దారి తీస్తాయి. కాబట్టి గజ్జి మందుకంటే ముందు చిగురు కాపాడుకోవాలి. చిగురు అంగుళం ఉండగానే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె సబ్బు నీటితో కలిపి కొట్టడం మొదలుపెడితే పురుగు అదుపులో ఉంటుంది. వానలకు ముందే గజ్జి పట్టిన రెమ్మలు కత్తిరించి కాల్చేసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు గాని, ఒక శాతం బోర్డో మిశ్రమం గాని పిచికారీ చేయండి. పాత కరపత్రాల్లో దీంతో పాటు స్ట్రెప్టోసైక్లిన్ కలపమని ఉంటుంది. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన మందులను పైర్లకు వాడటాన్ని కేంద్ర ప్రభుత్వం 2021 నాటి ఉత్తర్వుతో దశలవారీగా నిషేధించింది కనుక ఆ మాట ఇప్పుడు పాటించకూడదు.

బోర్డో మిశ్రమం ఇంటి దగ్గరే తయారు చేసుకోవచ్చు. ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో 50 లీటర్ల నీళ్లు పోసి కిలో మైలుతుత్తాన్ని గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీయండి. ఇంకొక డ్రమ్ములో కిలో సున్నాన్ని కొద్దికొద్దిగా నీళ్లు చల్లి విరగనిచ్చి, 50 లీటర్లకు పెంచి వడగట్టండి. తుత్తం నీళ్లను సన్నటి ధారగా సున్నపు నీళ్లలో పోస్తూ కర్రతో తిప్పుతుంటే ఆకాశపు నీలం రంగు వస్తుంది. సానపట్టిన కొడవలి మొనను అందులో ఒక నిమిషం ముంచి తీయండి. మొన మీద ఎర్రటి రాగి పొర కనిపిస్తే తుత్తం ఇంకా మిగిలి ఉన్నట్టు, ఆకు మాడుతుంది. పొర రాని దాకా సున్నపు నీళ్లు కలపండి. కలిపిన రోజే వాడేయాలి. ఇదే తుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు పది లీటర్లయితే బోర్డో పేస్టు. మొదలు మీద బెరడు పగిలి బంక కారుతుంటే ఆ భాగాన్ని మంచి బెరడు కనిపించేవరకు గీకి ఈ పేస్టు పూయాలి. ఏటా వానలకు ముందు ప్రతి చెట్టు మొదలుకూ రెండడుగుల ఎత్తు వరకు పూయించడం అలవాటు చేసుకోండి.

కోత, మార్కెట్టు

కోత కూలీలు తెల్లవారగానే వస్తారు, మీరూ తొందరపడతారు. మొదటి ఏడాది నేను పురమాయిస్తే, కోతకొచ్చిన పెద్దామె గంప బోర్లించి దాని మీద కూర్చుని, “మంచు ఆరనీ నాయనా, ఇప్పుడు కోస్తే తొక్క నల్లబడద్ది” అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తడి మీద కాయ తొక్క బిగిసి ఉండి, వేళ్ల ఒత్తిడికే అందులోని నూనె తిత్తులు చిట్లుతాయి. ఆ నూనె తొక్కను కాల్చి, ఢిల్లీ చేరేసరికి మచ్చలు తేలుతాయి. ఎనిమిది దాటాక మొదలుపెట్టించండి. కాయను మెలితిప్పి లాగితే తొడిమ దగ్గర తొక్క ఊడి కుళ్లు పడుతుంది, అందుకే తొడిమ బొడిపె కాయకే ఉండేట్టు కోయాలి. దోటితో రాల్చిన కాయను చేత్తో కోసిన కాయలో కలపకండి.

దూర ప్రాంతాలకు నిండుగా ఊరిన పచ్చికాయ వెళ్తుంది. పసుపు తిరిగిన పండు పచ్చళ్లకూ, దగ్గరి ఊళ్లకూ పోతుంది. చెట్టు నీడలోనే పెద్దది, మధ్యరకం, మచ్చకాయ, పండు అని ఏరించి వేరు వేరు బస్తాలు కట్టించండి. నాలుగూ కలిపిన బస్తాకు వ్యాపారి మచ్చకాయ ధరే కడతాడు.

గూడూరు, పొదలకూరు మార్కెట్టు యార్డులు మనకు దగ్గర. కాయ తీసుకెళ్లే ముందు రోజు ధర కనుక్కోవడమే కాక, పట్టీలో (అమ్మకం చీటీలో) కమీషన్, హమాలీ, తరుగు పేర్లతో ఎంత కోస్తారో ముందుగానే అడిగి రాసుకోండి. మీ తూకం ఇంటి దగ్గర ఒకసారి వేసుకుని వెళ్తే యార్డులో మాట్లాడే మాటకు బలం ఉంటుంది. వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటే ఏప్రిల్‌లో అతడు చెప్పిన ధరకే ఇవ్వవలసి వస్తుంది. వేసవి కాపు కోసం ఇంత శ్రమపడ్డవారు ఆ ఒక్క పని చేయకూడదు. పండిన తోటను గుత్తకు ఇవ్వడం గురించి కూడా ఇదే నా అభిప్రాయం, ఎందుకంటే గుత్తదారుకు ఆ ఏటి కాయతోనే పని, వచ్చే ఏటి కొమ్మతో కాదు. ఇంట్లో మనుషుల తోడు లేనివారికి మాత్రం గుత్త తప్పదు. అప్పుడు నీళ్లు, మందుల అదుపు మీ చేతిలోనే ఉండేట్టు కాగితం రాసుకోండి.

రంజాన్ నెల ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందే వస్తుంది. ఆ తేదీలను గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుని, చివరి తడి, కోత విడతలు దానికి తగ్గట్టు సర్దుకోండి. పచ్చికాయను చెట్టు మీద వారం పది రోజులు నిలపవచ్చు, అంతకు మించితే పండుబారుతుంది.

మే చివరికి వేసవి కోత ముగుస్తుంది. ఎండుపుల్లలు, లోపలికి పెరిగిన నీటి కొమ్మలు తీయించి, కోసిన చోట పేస్టు పూయించి, పాదులు తవ్వి పశువుల ఎరువు వేయించండి. ప్రతి వరుసలో ఎన్ని కిలోలు దిగాయో, ఏ తేదీన ఏ ధరకు పోయాయో రాసిన పుస్తకం ముందు పెట్టుకుని, బెట్టకు ఆకు ఎక్కువ రాల్చిన చెట్లకు ఎర్ర రంగు గుర్తు వేయండి. జూన్ మొదటి వాన పడ్డాక జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీకి దిగినప్పుడు ఆ గుర్తున్న చెట్లను ఈ ఏటికి వదిలేసి ముందుకు నడవండి.